ఇంటి చుట్టూ తొలి వసంతం: పిట్టలు, చెట్లు, పురుగుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి ఆఖర్లో చలి విరిగిన దగ్గర్నుంచి మార్చి నెలాఖరు దాకా తెలుగు నేల మీద ఇళ్ల చుట్టుపక్కల ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది, అప్పుడు మనం ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నవాటికి జవాబులివి. అడవికి పోనక్కర్లేదు. వాకిట్లో ఒక వేపచెట్టు, మేడ మీద నాలుగు కుండీలు, వీధిలో కరెంటు తీగ ఉంటే చాలు.

వసంతమంటే చైత్రం కదా, ఫిబ్రవరిలోనే మొదలైందని ఎలా అంటారు?

పంచాంగం లెక్కలో వసంతం చైత్ర వైశాఖాలే. చెట్లు, పిట్టలు మాత్రం మాఘం నుంచే పని మొదలుపెడతాయి. చైత్రం దాకా ఆగి చూస్తే సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. మన దగ్గర శిశిరం ముగిసి వసంతం వచ్చే గీత ఎక్కడా కనబడదు. ఆకు రాలడం, చిగురు వేయడం ఒకే వారంలో, ఒక్కోసారి ఒకే చెట్టు మీద జరుగుతాయి. రావిచెట్టును చూడండి: ఒక కొమ్మ బోసిగా ఉంటుంది, పక్క కొమ్మ నిండా రాగిరంగు చిగురు మెరుస్తుంటుంది.

వరుస దాదాపు ఇలా ఉంటుంది. ముందు మామిడి పూత. తర్వాత ఆకులన్నీ రాల్చేసుకున్న బూరుగకు ఎర్రటి పెద్ద పూలు. ఫిబ్రవరి, మార్చిల్లో మోదుగ. ఆ వెనకే వేప, కానుగ పాత ఆకు రాల్చి కొత్తాకు తొడుగుతాయి. వేప పూత మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. ఏడాదికీ ఏడాదికీ, ఊరికీ ఊరికీ రెండు మూడు వారాల తేడా మామూలే.

వానలు లేని రోజుల్లో చెట్లకు చిగురెలా వస్తుంది? లేత ఆకులు ఎర్రగా ఎందుకుంటాయి?

ఆకులు రాల్చాక చెట్టు నుంచి ఆవిరైపోయే నీరు బాగా తగ్గిపోతుంది. లోతుకు దిగిన వేళ్లు తెచ్చే నీరు, మానులో దాచుకున్న నీరు చిగురుకు సరిపోతాయి. పైగా ఆకులు తినే పురుగులు వానలతో పాటు విరివిగా పుడతాయి. అవి వచ్చేలోపు ఆకు ముదిరిపోతే చెట్టుకు నష్టం తక్కువ.

లేత ఆకులో పచ్చని పత్రహరితం ఇంకా పూర్తిగా తయారై ఉండదు. ఆ లోపు తీక్షణమైన ఎండ నుంచి ఆకును కాపాడేది ఆంథోసయనిన్ అనే ఎర్రటి రంగు పదార్థం. ఆకు ముదిరేకొద్దీ ఎరుపు తగ్గి ఆకుపచ్చ కమ్ముతుంది. మామిడి, రావి, వేప చిగుళ్లలో ఇది బాగా తెలుస్తుంది.

చలికాలమంతా వినబడని కోకిల ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ఎక్కడి నుంచీ రాలేదు, ఏడాదంతా ఇక్కడే ఉంది. చలికాలంలో నోరు మెదపదు కాబట్టి ఉన్నట్టు తెలియదు, అంతే. ఫిబ్రవరి నుంచి గొంతు విప్పుతుంది. మొదట్లో తెల్లవారుజామున రెండు మూడు ముక్కలు కూసి ఆపేస్తుంది. మార్చికల్లా స్థాయి పెంచుకుంటూ పోయే ఆ పొడుగాటి "కుహూ" రోజంతా వినబడుతుంది.

అలా కూసేది మగది. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కన్ను, లేత ఆకుపచ్చ ముక్కు. ఆడది గోధుమరంగులో ఒళ్లంతా తెల్లటి చుక్కలతో, తోక మీద చారలతో ఉంటుంది. చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. దాని అరుపు పాటలా ఉండదు, గబగబా "కిక్ కిక్ కిక్" అంటుంది. చూడాలంటే ఆకులు దట్టంగా ఉన్న రావి, మర్రి, మామిడి చెట్లలో పళ్లున్న కొమ్మలు వెతకండి.

కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. అందుకే కాకులు పుల్లలు ఏరుతున్నాయంటే అదే చెట్టు దగ్గర కోకిల జంట కోసం చూడొచ్చు. మగది కాకుల్ని తన వెంట తరిమించుకుంటూ పోతే ఆడది ఆ సందులో గూట్లోకి దూరుతుంది.

మధ్యాహ్నం పూట ఎక్కడో సుత్తితో కొట్టినట్టు "టుక్... టుక్... టుక్" అని ఆగకుండా వినబడుతోంది. ఏమిటది?

కంసాలి పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది, బొద్దుగా ఆకుపచ్చగా ఉంటుంది. నుదుటి మీద, గొంతు కింద ఎర్రటి మచ్చ, కంటి చుట్టూ పసుపు. నిమిషానికి సుమారు వందసార్లు ఒకే తాళంలో కొడుతుంది. కొడుతూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వచ్చినట్టుంటుంది. చెవిని నమ్ముకుంటే దొరకదు. చెట్టు చివర, ఆకుల్లేని ఎండుకొమ్మ మీద వెతకండి.

ఎండిపోయిన మెత్తటి కొమ్మకు అడుగు వైపు గుండ్రటి బెజ్జం తొలిచి అందులోనే గుడ్లు పెడుతుంది. చెట్టు కింద కొత్తగా రంపపు పొట్టు కనబడితే తలెత్తి చూడండి.

బాల్కనీలో తీగకు చెత్త వేలాడుతున్నట్టుంది. ఒక చిన్న పిట్ట వచ్చి పోతోంది. తీసెయ్యొచ్చా?

తీయకండి, అది తేనెపిట్ట గూడు. దగ్గర్నుంచి చూస్తే ఎంత పనితనమో తెలుస్తుంది. ఎండుగడ్డి పోచలు, బెరడు పీచు, ఎండాకు ముక్కలు, గొంగళిపురుగు రెట్టలు అన్నీ సాలెగూటి దారంతో కలిపి కట్టిన సంచి అది. పక్కన, కాస్త పైభాగాన గుండ్రటి ద్వారం. దాని మీద వాన పడకుండా చూరులా ముందుకు పొడుచుకొచ్చిన చిన్న పంచ. లోపల మెత్తటి దూది పరుపు. బయట వేలాడే చెత్త కావాలని పెట్టిందే, గూడు గూడులా కనబడకుండా.

కట్టేది ఆడదే. వారం పది రోజులు పడుతుంది. సాధారణంగా రెండు గుడ్లు. రెండు వారాలకు పైగా పొదుగుతుంది, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలకు పైనే. మొత్తం మీద అయిదారు వారాలు ఓపిక పడితే సరిపోతుంది. ఈలోపు ఇవి పాటించండి:

- గూడున్న కుండీని, తీగను జరపొద్దు. ఒక అడుగు జరిపినా పిట్ట పాత చోటుకే వచ్చి వెతుక్కుంటుంది.
- కుండీలో నీళ్లు మొక్క మొదలు దగ్గర నెమ్మదిగా పోయండి, పైపుతో పైనుంచి కొట్టొద్దు.
- గాలికి తీగ మరీ ఊగుతుంటే గూటిని ముట్టుకోకుండా తీగను రెండు వైపులా దారంతో బిగించండి.
- ఫ్లాష్ వెయ్యొద్దు. గూట్లోకి తొంగిచూడొద్దు. తల్లి లేనప్పుడు దూరం నుంచి అరనిమిషం చూస్తే చాలు.

గూడు సగం కట్టి వదిలేయడం కూడా జరుగుతుంది. అందులో మీ తప్పుండాలని లేదు. సాధారణంగా గుడ్లు పెట్టక ముందు మనుషుల రాకపోకలు ఎక్కువైతే చోటు మారుస్తుంది, పిల్లలు పుట్టాక అంత తేలిగ్గా వదలదు. పిల్లలు ఎగిరిపోయి రెండు వారాలు దాటాక గూడు ఖాళీగా ఉంటే తీసుకోవచ్చు.

ఇంకో సంగతి. ఊదారంగు తేనెపిట్ట మగది చలికాలంలో ఆడదానిలాగే వెలిసిన పసుపు రంగులో, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లగీతతో ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిల్లో మచ్చలు మచ్చలుగా మెరిసే ఊదా నలుపు తొడుగుతుంది. ఆ అతుకుల బొంతలా కనబడే మగపిట్ట కనిపించిందంటే తొలి వసంతానికి అంతకన్నా గట్టి గుర్తు లేదు.

ఒక పిట్ట పొద్దస్తమానం కిటికీ అద్దాన్ని, బండి అద్దాన్ని పొడుస్తోంది. పిచ్చెక్కిందా?

లేదు. అద్దంలో కనబడేది తన జాగాలోకి వచ్చిన వేరే పిట్ట అనుకుంటోంది. తేనెపిట్టలు, పిగిలిపిట్టలు, గోరింకలు గూడు కట్టే రోజుల్లో ఇలా పోట్లాడతాయి. లోపల కర్టెన్ వేస్తే లాభం లేదు, వెనక చీకటి పెరిగి ప్రతిబింబం ఇంకా స్పష్టమవుతుంది. అద్దానికి బయటి వైపు పాత పేపరు అంటించండి, లేదా సబ్బునీళ్లు పులిమి ఆరనివ్వండి. బండి అద్దాలకు గుడ్డసంచి తొడిగితే చాలు. కొన్ని వారాల్లో అదే మానేస్తుంది.

అద్దానికి గుద్దుకుని పడిపోవడం వేరే సమస్య. అద్దంలో కనబడే ఆకాశాన్ని నిజమనుకుని నేరుగా వచ్చి కొట్టుకుంటాయి. అద్దం బయటి వైపు అయిదేసి సెంటీమీటర్ల దూరంలో చుక్కలు పెడితే ఆగుతుంది. ఒకే ఒక్క పెద్ద స్టిక్కరు అంటిస్తే దాని పక్కనుంచే వచ్చి కొట్టుకుంటాయి. స్పృహ తప్పిన పిట్టను బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేనిచోట గంటా రెండు గంటలు ఉంచి, తేరుకున్నాక బయట మూత తెరవండి. నోట్లో నీళ్లు పోయొద్దు.

పిట్టపిల్ల కింద పడి ఉంది. ఏం చెయ్యాలి?

ముందు ఒళ్లంతా చూడండి. చెయ్యాల్సింది దాన్నిబట్టే ఉంటుంది.

ఒళ్లంతా ఈకలుండి, తోక మాత్రం పొట్టిగా, గెంతుతూ ఉంటే అది పడిపోలేదు, గూడు దిగింది. పిగిలిపిట్ట, గోరింక, కాకి పిల్లలు సరిగ్గా ఎగరడం రాకముందే గూడు వదిలేస్తాయి. తల్లిదండ్రులు అక్కడే ఎక్కడో ఉండి మేత తెచ్చిస్తుంటాయి. మీరు పక్కన నిలబడితే అవి దిగవు. దారిలోనో, కుక్కలు తిరిగేచోటో ఉంటే తీసి దగ్గర్లోని పొద మీద, తక్కువ ఎత్తు కొమ్మ మీద పెట్టి దూరం వెళ్లండి. పది మీటర్ల అవతల నుంచి గంట సేపు చూడండి. తల్లి రావడం చాలావరకు కనబడుతుంది. మంచి మనసుతో ఇంటికి తీసుకెళ్లడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. అలా తీసుకెళ్లిన పిల్లల్లో చాలావాటికి ఏ కష్టమూ లేదు, తల్లి పక్కనే ఉంది.

ఈకలు లేకుండానో, సూదుల్లాంటి మొలకలతోనో ఉంటే గూటి నుంచి పడిన పిల్లే. గూడు అందితే చేత్తో తీసి అందులో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదన్నది నిజం కాదు. గూడు చెదిరిపోతే, అది గిన్నెలా పైకి తెరిచి ఉండే గూడైతే, అరచేతి వెడల్పు బుట్టకు అడుగున బెజ్జాలు పెట్టి, ఎండుగడ్డి పరిచి, పాత గూటికి వీలైనంత దగ్గరగా నీడలో కట్టండి. తువ్వాలు గుడ్డ వేయొద్దు, దారపు ముడుల్లో గోళ్లు చిక్కుకుంటాయి.

పాలు అస్సలు పట్టొద్దు, పక్షులు పాలను జీర్ణించుకోలేవు. డ్రాపరుతో నీళ్లు పోస్తే నాలుక వెనకున్న గాలిగొట్టంలోకి పోయి ఊపిరాడక చచ్చిపోతుంది. పిల్లకు గాయమైనా, పిల్లి నోట పడి బయటపడినా పైకి బాగానే ఉన్నట్టు కనబడవచ్చు, అయినా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికో, అటవీశాఖ సంరక్షణ కేంద్రానికో చేర్చండి. పిల్లి కోరల గాయం చూడ్డానికి సూదిమొనంతే ఉంటుంది, లోపల చీము పడుతుంది.

కాకి వెనకనుంచి వచ్చి తల మీద తన్నుతోంది.

దగ్గర్లో గూడుంది, పిల్లలు దిగే రోజులు. గొడుగు వేసుకుని నడవండి, లేదా మూడు నాలుగు వారాలు వేరే దారిన వెళ్లండి. రాళ్లు విసరొద్దు. కాకులకు మనుషుల ముఖాలు గుర్తుంటాయి, పగ ఇంకా పెరుగుతుంది.

ఊరపిచ్చుకల కోసం పెట్టె పెట్టాం, రావడం లేదు. ఎక్కడ పొరపాటు?

ఎక్కువగా బెజ్జంలోనే. అడ్డంగా 32 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే బాగా పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి, పిల్లి చెయ్యి దూరుతుంది. లోపలి కొలత 15 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తు. బెజ్జం అడుగు నుంచి 15 సెంటీమీటర్ల పైన. కర్రపలకదైతే మంచిది. రేకు, ప్లాస్టిక్ మార్చి ఎండకు కాలిపోయి లోపల పిల్లలు మాడిపోతాయి. బెజ్జం ముందు కూర్చునే పుల్ల పెట్టొద్దు, పిచ్చుకకు అక్కర్లేదు, కాకికి మాత్రం పనికొస్తుంది.

రెండున్నర మూడు మీటర్ల ఎత్తున, చూరు కింద, పడమటెండ తగలని గోడకు బిగించండి. పిచ్చుకలు గుంపుగా ఉండే జీవాలు కాబట్టి ఒక్కటి కాకుండా రెండు మూడు పెట్టెలు దగ్గరదగ్గరగా పెడితే వచ్చే అవకాశం ఎక్కువ. గది లోపల పెట్టాల్సి వస్తే సీలింగ్ ఫ్యాన్ సంగతి ముందు చూసుకోండి.

పెట్టెతో పని అయిపోదు. పెద్ద పిచ్చుకలు గింజలు తిన్నా పిల్లలకు పెట్టేది మెత్తటి పురుగులే. చుట్టూ మొక్కలకు పురుగుమందు కొడుతూ ఉంటే పెట్టె ఎంత బాగున్నా ఖాళీగానే ఉంటుంది. దగ్గర్లో ఒక దట్టమైన పొద, ధూళిస్నానానికి కాస్త పొడిమట్టి ఉండాలి. ఒక పెట్టె కుదురుకోవడానికి ఏడాది కూడా పట్టొచ్చు.

నీళ్లు ఎందులో, ఎలా పెట్టాలి?

వెడల్పాటి మట్టి మూకుడు. లోతు రెండంగుళాలు దాటొద్దు. లోతు ఎక్కువైతే చిన్న పిట్టలు దిగవు, దిగితే మునుగుతాయి. మధ్యలో ఒక గరుకురాయి పెడితే తేనెటీగలు, సీతాకోకచిలుకలు కూడా దాని మీద వాలి తాగుతాయి. నీడలో, పిల్లి దాక్కునే పొదలకు రెండు మీటర్లు ఎడంగా ఉంచండి. రోజూ పొద్దున పాతనీళ్లు పారబోసి కొత్తవి పోయండి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం దాకా పడుతుంది కాబట్టి రోజూ మారిస్తే దోమల బెడద ఉండదు. రెండు మూడు రోజులకోసారి సబ్బు లేకుండా బ్రష్‌తో రుద్ది ఎండలో ఆరబెట్టండి. మురికి మూకుడు దగ్గర పిట్టలకు జబ్బులు అంటుకుంటాయి, అలాంటప్పుడు నీళ్లు పెట్టకపోవడమే మేలు.

కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పిట్టరెట్టలా ఉన్నది కదులుతోంది.

సీతాకోకచిలుక గొంగళి. నిమ్మ సీతాకోకచిలుకో, కామన్ మార్మన్ అనే నల్లటి పెద్ద సీతాకోకచిలుకో అయ్యుంటుంది. లేత ఆకు మీద ఆవగింజ కంటే చిన్న పసుపురంగు గుడ్డు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల వస్తుంది. నాలుగు దశల దాకా గోధుమ, తెలుపు కలిసిన రెట్ట వేషమే, పిట్టలు చూసి వదిలేస్తాయి. అయిదో దశలో కుబుసం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. గడ్డిపోచతో మెల్లగా తాకితే తల వెనకనుంచి చీలిన కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. మనకేం కాదు, చీమల్ని, చిన్న శత్రువుల్ని తరమడానికది.

తర్వాత నడుముకు పట్టుదారం మొలతాడులా కట్టుకుని కాడకు ఆనుకుని ప్యూపా, అంటే రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ, అవుతుంది. పచ్చటి కాడ మీదైతే పచ్చగా, ఎండుకాడ మీదైతే గోధుమరంగులో ఉండటం సాధారణం. వారం పది రోజుల్లో, ఎక్కువగా పొద్దుటి పూట రెక్కలొస్తాయి. ప్యూపాకు చిన్న గుండ్రటి బెజ్జం పడి లోపల ఖాళీగా ఉంటే పరాన్నజీవి కందిరీగ ముందే తినేసిందని అర్థం.

నడుమెత్తు దాటిన మొక్క అయిదారు గొంగళులను తట్టుకుని మళ్లీ చిగురిస్తుంది. అరడుగు మొక్క మీదుంటే ఆకుతో సహా తీసి పెద్ద మొక్క మీదకో, మారేడు చెట్టు మీదకో మార్చండి. మారేడు ఆకును నిమ్మ సీతాకోకచిలుక గొంగళి ఇష్టంగానే తింటుంది.

ఉన్నట్టుండి కొమ్మకు తేనెటీగల ముద్ద వేలాడుతోంది.

పూలు విరివిగా ఉన్న ఈ రోజుల్లో పాత పట్టు నుంచి సగం ఈగలు రాణితో కలిసి విడిపోయి కొత్త చోటు వెతుక్కుంటాయి. పట్టు లేకుండా ఈగలు మాత్రమే ముద్దగా ఉంటే కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో లేచిపోతాయి. కాపాడుకోవాల్సిన పిల్లలు, తేనె అక్కడ ఉండవు కాబట్టి సాధారణంగా శాంతంగానే ఉంటాయి. కిటికీలు మూసి పిల్లల్ని దూరంగా ఉంచితే చాలు.

మేడ అంచుకు, నీళ్లట్యాంకు కింద ఒకే పెద్ద పట్టుగా వేలాడేవి పెద్ద తేనెటీగలు. వీటితో జాగ్రత్త. పొగ పెట్టడం, రాయి వేయడం, రాత్రి పూట లైటు కొట్టడం ప్రమాదం. ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావి కూడా వస్తాయి. వెంటపడితే ముఖం కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తండి, నీళ్లలో దూకొద్దు. ముల్లును ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది, గోటితో గీకేయండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, చాలా చోట్ల కుట్టినా వెంటనే ఆసుపత్రికి.

తొండ తల ఎర్రగా అయింది. విషమెక్కిందా?

లేదు. జతకట్టే కాలంలో మగతొండ తల, గొంతు, భుజాలు ఎర్రబడతాయి. గోడ మీద కూర్చుని ముందుకాళ్లతో బస్కీలు తీస్తున్నట్టు ఊగుతూ ఆడదాన్ని పిలుస్తుంది, ఇంకో మగదాన్ని బెదిరిస్తుంది. బెదిరితే నిమిషాల్లో రంగు వెలిసిపోతుంది. తొండకు విషం లేదు.

రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తున్నాయి. జతకడుతున్నాయా?

చాలావరకు అవి రెండూ మగ జెర్రిపోతులు. తలలు పైకెత్తి ఒకదాన్నొకటి నేలకు వంచాలని చూసే బలప్రదర్శన అది, కాట్లాడుకోవు. జతకట్టే పాములు ఎక్కువగా నేల మీదే పొడుగునా పడుకుని ఉంటాయి. అయిదారు మీటర్ల దూరంలో ఆగండి, వాటంతటవే పోతాయి.

ఎండలు పెరుగుతున్నప్పుడు పాములు చలికాలం కంటే ఎక్కువ తిరుగుతాయి. గోడవార ఇటుకల కుప్పలు, కట్టెలు తీసేయండి, ఎలుకలు తగ్గితే పాములూ తగ్గుతాయి. రాత్రి టార్చి లేకుండా నడవొద్దు. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే, కాబట్టి పామును చంపి తీసుకెళ్లే పనిలో సమయం పోగొట్టుకోవద్దు.

చలికాలమంతా మేడ మీద తోక ఊపుతూ తిరిగిన పిట్ట కనబడటం లేదు.

అది వాగ్‌టెయిల్, వలస పిట్ట. ఇక్కడికి చలికాలం గడపడానికే వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఉత్తరాదికి, హిమాలయాలకు, అవతలి దేశాలకు తిరిగిపోతుంది. వెళ్లే ముందు ఈకలు మార్చుకుంటుంది: చలికాలంలో తెల్లగా ఉన్న గొంతు నల్లబడుతుంది. గులాబీ గోరింకలు కూడా ఇప్పుడే కనబడతాయి. నల్లటి తల, గులాబీ రంగు ఒళ్లు, మోదుగ, బూరుగ పూల మీద వందల గుంపు, చెవులు హోరెత్తే గోల. పూలతేనె తాగి బలం పుంజుకుని మధ్య ఆసియా దారి పడతాయి. వసంతంలో వచ్చేవి ఎవరో అందరూ చూస్తారు, వెళ్లిపోయేవి ఎవరో కూడా చూడటం మంచిది.

రామచిలుక పిల్లల్ని అమ్ముతున్నారు, కొని వదిలేస్తే పుణ్యం కదా?

కొనొద్దు. మీరిచ్చిన డబ్బుతో ఇంకో తొర్ర ఖాళీ అవుతుంది. ఈ నెలల్లోనే అవి తొర్రల్లో పిల్లల్ని పెడతాయి కాబట్టి దొంగతనం కూడా ఇప్పుడే ఎక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన చిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. అటవీశాఖకు చెప్పండి.

చూసినవి ఎలా రాసుకోవాలి?

తేదీ, వేళ, చోటు, ఏం చేస్తోంది. ఈ నాలుగూ ఉంటే చాలు. "కోకిల కనిపించింది" కంటే "ఫిబ్రవరి 9, ఉదయం 5:40, రావిచెట్టు, రెండుసార్లు కూసి ఆగింది" అన్నది పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. ఒకే చెట్టును ఎంచుకుని వారానికోసారి లేతాకు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ ఒక్కొక్కటీ "లేదు, కొంచెం, చాలా" అని రాయండి. పువ్వు లేని వారం "లేదు" అని రాయడం మానొద్దు, పూత ఎప్పుడు మొదలైందో తేలేది దానితోనే. దేశవ్యాప్తంగా చెట్ల ఋతువులను నమోదు చేసే సీజన్‌వాచ్ పద్ధతి కూడా ఇలాంటిదే.

పిట్టలకైతే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో చూసినవాటి జాబితా పెట్టొచ్చు. 1998లో మొదలైన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పెరటి పిట్టల లెక్కింపులో 2013 నుంచి మన దేశం పాల్గొంటోంది. ఏటా ఫిబ్రవరి నడిమిన నాలుగు రోజులు, కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట చూసి లెక్క పంపితే చాలు, మేడ మీద నుంచి కూడా చెయ్యొచ్చు. గొంతును బట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్ సాయం తీసుకోండి, కానీ కంటితో చూడకుండా అది చెప్పిన పేరును జాబితాలో ఎక్కించొద్దు. గోల ఎక్కువ ఉన్న వీధిలో అది పొరబడుతుంది.

కొమ్మలు కొట్టించాలి, ఎప్పుడైతే మంచిది?

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వద్దు. తప్పనిసరైతే ముందు రోజు పొద్దున అరగంట చెట్టు కింద కూర్చుని చూడండి. నోట్లో పుల్లలు, పురుగులు పట్టుకుని ఒకే చోటికి పదేపదే వెళ్లే పిట్ట ఉంటే ఆ కొమ్మను వదిలేయండి. తీగలకు తగులుతున్న కొమ్మలను డిసెంబరులోనే కొట్టించుకుంటే ఈ గొడవ రాదు. మనుషుల మీద పడే ప్రమాదం లేని ఎండుకొమ్మ ఒకటి రెండు ఉంచండి, కంసాలి పిట్ట గూడు తొలుచుకునేది వాటిలోనే.